గోడ మీది కాగితం

టెలిఫోన్ బోర్డు ముందు నన్ను కూర్చోబెట్టిన రోజే, నా కళ్లెదుటి గోడకు ఒక టైపు కాగితం అంటించారు. ఎవరు ఫోను చేసినా ముందు హోదా అడగాలి, బావిలో పని చేయించే ఓవర్‌మెన్ కంటే కింది వాళ్లయితే లైను కలపకూడదు. అదీ అందులోని సంగతి. బొగ్గుబావి కింద పనిచేసేవాళ్లలో ఓవర్‌మెన్లు ఎందరు? మిగతా వాళ్లంతా ఆ ఫోనును దూరం నుంచి చూసి పోవలసిందే.

మా నాయిన ఆ మిగతా వాళ్లలో ఒకడు. కోల్ ఫిల్లర్, తట్టతో బొగ్గెత్తి పట్టాల మీది టబ్బులు నింపే మనిషి. మిషన్ బడిలో మెట్రిక్ దాకా చదివించాడు నన్ను. డ్యూటీ దిగి రాగానే, ఇవాళ ఎవరెవరికి ఫోను కలిపావని అడిగేవాడు. హైదరాబాదు అంటే మురిసిపోయేవాడు. ఆయన ఫోను చేస్తే మాత్రం నేను కలపకూడదు. ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది.

వ్యాగన్లు ఎప్పుడొస్తాయి, కరెంటు ప్లాంటుకు బొగ్గెంత పోవాలి, ఏ మోటారు చెడిపోయింది, అన్నీ లైన్లు కలిపే నా చేతిలోని పిన్నుల మీదే నడిచేవి. అయినా ఆఫీసు నుంచి బయటికి పోయే లైను ఒక్కటే. పొద్దున బుక్ చేసిన ట్రంక్ కాల్ మధ్యాహ్నానికి తగిలితే అదృష్టం.

ఒక మధ్యాహ్నం మేనేజరు గారికి హైదరాబాదు తగిలింది. వ్యాగన్ల కోసం ఆయన వేస్తున్న కేకలు గోడ దాటి వినిపిస్తున్నాయి. అంతలో బోర్డు మీద, ఫోను వచ్చిందనడానికి గుర్తుగా, బావి అడుగు నంబరు మూత టప్పున పడింది. పిన్ను పెట్టి హలో అన్నాను.

"సార్, మనిషి కాలు టబ్బు కింద నలిగింది సార్. జల్ది దవాఖానకు చెప్పుండ్రి సార్."

ఫోనుకు అవతల ఉండేది సార్లేనని అతని నమ్మకం. ఆడగొంతు విన్నాక కూడా సార్ అనే అన్నాడు. జీవితంలో మొదటిసారి ఫోను పట్టుకున్న మనిషని తెలుస్తూనే ఉంది. నేను హోదా అడగలేదు. దవాఖానకు పోవాలన్నా ఆ ఒక్క బయటి లైనే దిక్కు. హైదరాబాదు పిన్ను పీకేసి దవాఖాన కలిపాను.

మర్నాడు మెమో వచ్చింది. క్షమాపణ రాసిస్తే సరి, లేదంటే టెంపరరీ ఉద్యోగం కనుక ఒక్క మాటతో తీసేస్తారు. నా జీతం మీద తమ్ముళ్ల చదువు నడుస్తోంది. నాయిన రాసెయ్యమంటాడేమోనని భయపడుతూనే చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"ఫోను జేసినోడు ఏం పని జేస్తడో అడిగినవా?"

"లేదు నాయినా."

"మంచిగ జేసినవ్. మాఫీ గీఫీ రాయకు."

రెండే వాక్యాలు రాశాను, తెలుగులోనే: హోదా అడగలేదు. ఇకముందు కూడా అడగను.

మేనేజరు గారు ఆ కాగితం పట్టుకుని స్వయంగా నా గదికి వచ్చారు. రెండో వాక్యం కొట్టేస్తే ఉద్యోగం ఉంచుతానన్నారు. తన కలం మూత తీసి నా ముందు పెట్టారు. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం నా చెయ్యి దాని వైపు పోయింది. అప్పుడే బావి అడుగు మూత పడింది. కలం వదిలి పిన్ను అందుకున్నాను.

"కోల్ ఫిల్లర్‌ను మాట్లాడుతున్న. దవాఖాన కలుపు బిడ్డా. కాలు నలిగినోడు ఎట్లున్నడో అడగాలె."

నాయిన గొంతు. ఇన్నేళ్లలో ఆయన ఆ ఫోనును తాకింది లేదు. అడగకముందే తన హోదా తానే చెప్పాడు. ఎవరని మేనేజరు గారు అడిగారు. కోల్ ఫిల్లర్ అని చెప్పి, ఆయన చూస్తుండగానే దవాఖాన కలిపాను. కాలు తియ్యాల్సిన పని లేదన్నారు డాక్టరు.

సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది. లేస్తూ గోడ మీది కాగితం పీకి సంచిలో వేసుకున్నాను. మళ్లీ టైపు చేయించే తీరిక ఎవరికీ లేకపోయింది. నా తర్వాత వచ్చిన అమ్మాయి, అడగాల్సిందేమిటో తెలియక, మూత పడ్డ ప్రతి లైనూ కలిపేస్తోందని నాయిన డ్యూటీ దిగి వచ్చి చెప్పేవాడు.