ఖాలా చెప్పిన సీరియల్

మోకాలి చిప్ప మార్పించుకుని ఇంట్లో పడి ఉన్నాను. డాక్టరు నడవమంటాడు, మనవరాలు కదలొద్దంటుంది. ఇద్దరి మాటా కాదనలేక గదిలోనే నాలుగడుగులు వేసి టీవీ ముందు కూలబడటం, మళ్లీ లేవటం, మళ్లీ కూలబడటం, ఇదీ దినచర్య. మనవరాలు కొరియా సీరియళ్లు చూస్తుంది. కింద అక్షరాలు వస్తాయి కానీ నేను కళ్లద్దాలు సర్దుకునేలోపు అవి తమ దారిన తాము వెళ్లిపోతాయి. నిన్న తెర మీద ఒకమ్మాయి గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. "ఎందుకేడుస్తుందే?" అన్నాను. "ఏం లేదు తాతా, వాళ్లమ్మ ఊరికి పోయింది" అంది మనవరాలు, నా వైపు చూడకుండా. ఆ అమ్మాయి వెనక ఒక పెద్దావిడ ఫొటో, దాని చుట్టూ బండెడు తెల్లపూలు ఉన్నాయి. ఊరికి పోయినవాళ్లకు అన్ని పూలు పెట్టరని నాకు తెలియక కాదు, పిల్ల కష్టపడి చెప్పింది కదా అని ఊరుకున్నాను. ఆపరేషనైన మనిషి ముందు చావు మాట ఎత్తొద్దని ఇంట్లో కట్టడి జరిగినట్టుంది. మా వంశంలో ఈ విద్య కొత్తది కాదు.

తొంభైల మొదట్లో మేం లక్సెట్టిపేటలో ఉండేవాళ్లం. నేను హైదరాబాదులో డిగ్రీ పూర్తిచేసి, ఇంటికొచ్చి, ఉద్యోగం కోసం ఎదురుచూసే పనిలో చేరాను. ఆ పనికి సెలవుల్లేవు, జీతమూ లేదు. నేను వచ్చేసరికి అక్క మా ఇంట్లో మంచం మీద ఉంది. అంతకుముందు రెండుసార్లు ఆమెకు కడుపు నిలవలేదు. మూడోసారి మంచిర్యాల డాక్టరమ్మ ముందే పట్టుకుని, కాన్పయ్యేదాకా అవసరానికి తప్ప కాలు కింద పెట్టొద్దని చెప్పింది. కాళ్లవైపు మంచంకోళ్ల కింద ఇటుకలు పెట్టమంది. మా అక్క కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు మా వాడలో ఎవరూ లేరు. పెళ్లిపీటల మీదినుంచి కూడా లేచిపోయి, పప్పు ఉడికిందో లేదో చూసొచ్చిన మనిషి. అలాంటి మనిషిని ఎండాకాలం మధ్యాహ్నాలు వాలు మంచం మీద పడుకోబెడితే ఎట్లా ఉంటుంది? కాలి బొటనవేలు ఆడించేది. దూలాలు లెక్కపెట్టేది. వంటింట్లో అమ్మ చప్పుడు చేస్తే, "అవ్వా, గంటె కాదు గది, అట్లకాడ తియ్యి" అని ఇక్కడినుంచే వంట నడిపేది. ఉట్నూర్లో పనిచేసే బావ శనివారం శనివారం జీపులూ బస్సులూ మారి వచ్చి, మంచం పక్కన కూర్చుని, "తిన్నవా?" అని అడిగి, ఇంకేం అడగాలో తోచక ఇటుకలు కదులుతున్నాయేమో చూసి పోయేవాడు.

అందుకని బాపు, అంటే మా నాన్న, కరీంనగర్ నుంచి బస్సు మీద ఒక నలుపు తెలుపు టీవీ తెచ్చాడు. పడుకున్న అక్కకు అది ఒంకరగా కనబడుతోందంటే టీవీ కింద కూడా ఒకవైపు ఇటుక పెట్టాడు. అక్కకు సరిపోయింది. మిగతా వాడంతా మెడలు వంచి చూడటం నేర్చుకుంది. సాయంత్రాలైతే తెలుగు వచ్చేది, ఎరువుల గురించి. మధ్యాహ్నం మాత్రం ఢిల్లీ నుంచి హిందీ సీరియల్. అవ్వకు వచ్చిన హిందీ కూరగాయల బేరం దాటి పోదు. అక్క బడిలో హిందీ పాసైందన్నది నిజమే కానీ, ఆ రోజుల్లో హిందీలో తప్పడానికి కొంత కృషి కావలసి వచ్చేది. కాబట్టి అర్థం చెప్పే బాధ్యత పక్కింటి ఖాలాది. ఖాలా అంటే పిన్నమ్మ వరస. సైకిల్ షాపు చాచా భార్య. ఒళ్లో తమలపాకుల పెట్టె, చేతిలో అడకత్తెర పెట్టుకుని, ఒక్కో వక్కకు ఒక్కో మాట చొప్పున చెప్పేది.

ఆ సీరియల్లో ఒక చిన్నకోడలు ఉండేది. ఆమెకూ కడుపే, అక్క కంటే రెండు నెలలు ముందు. అక్కకు లోకంలో తోడు దొరికినట్టయింది. "గా పిల్లను బరువెత్తనిస్తున్నరేంది? అత్తకు సోయి లేదా?" అని తెరతో కొట్లాడేది. ఇంతలో ఒకరోజు ఆ ఇంటి ముసలాయన చచ్చిపోయాడు. శవాన్ని దించగానే అవ్వ పరుగున వచ్చి టీవీ కట్టేసింది. కడుపుతో ఉన్న మనిషి శవాన్ని చూడొద్దు, చావు మాట వినొద్దు.

"డబ్బల సచ్చినోళ్ల మైల గూడ మనకేనా అవ్వా?" అంది అక్క.

"యాడ సచ్చినా సావు సావే" అంది అవ్వ.

రెండు రోజులు టీవీ తలుపులు మూసే ఉన్నాయి. మూడో రోజు మధ్యాహ్నం చూస్తే మంచం ఖాళీ. అక్క పెరట్లో, చేదబావి దగ్గర తాడు పట్టుకుని ఉంది. బాపు ఆమెను చెయ్యిపట్టి తీసుకొచ్చి పడుకోబెట్టి, టీవీ పెట్టాడు. ఆ సాయంత్రం అవ్వ ఖాలా ఇంటికి వెళ్లొచ్చింది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు ఆ మర్నాడే తెలిసింది.

ఆ మర్నాడు చిన్నకోడలు మెట్ల మీదినుంచి జారిపడింది. ఆసుపత్రి. డాక్టరు బయటికొచ్చి, బిడ్డ దక్కలేదని చెప్పి తలదించుకున్నాడు. హాస్టల్లో నేర్చిన హిందీ నాది, అయినా అంతమాత్రం తెలుస్తుంది. గడపలో నిలబడి అక్క వైపు చూశాను. ఆమె చేయి కడుపు మీద బిగుసుకుంది.

"ఏమన్నడు ఖాలా? డాక్టర్ ఏమన్నడు?"

అడకత్తెర ఆగింది. ఒక వక్క కాలం గడిచింది. "ఏమంటడు బేటీ, ఏడో నెలలనే కాన్పయిందట. ఆడిబిడ్డ. చిన్నగుంది గని గట్టిపిండమట."

"మరి అందరు గట్ల ఏడుస్తున్నరేంది?"

"ఖుషీ! ఖుషీల గూడ ఏడుస్తరు పెద్దింటోళ్లు" అంది ఖాలా, నా వైపు ఒక చూపు చూసి. ఆ చూపుకు అర్థం ఏ భాష వాడికైనా తెలుస్తుంది.

అక్కకు అనుమానం పూర్తిగా పోలేదు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన బాపును పిలిచి, "బాపూ, నీకస్తది గద, డాక్టర్ ఏమన్నడో చెప్పు" అంది. బాపు జీవితంలో అబద్ధం ఆడి ఎరగడు, ఆ విషయంలో మేమంతా కొంచెం ఇబ్బంది పడ్డవాళ్లమే. ఆయన టీవీ వైపు చూశాడు, ఇటుకల వైపు చూశాడు. "ఖాలా చెప్పినట్టే అన్నడు బిడ్డా" అని బయటికి నడిచాడు. వెళ్లేటప్పుడు నా చెప్పులు తొడుక్కుని వెళ్లాడు.

ఆ తరవాత మా ఇంట్లో రెండు సీరియళ్లు నడిచాయి. ఢిల్లీలో చిన్నకోడలు చీర చెంగు నోట్లో కుక్కుకుని నెలల తరబడి ఏడ్చింది. లక్సెట్టిపేటలో ఆమె బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరిగింది, తల్లికి బెంగ, అందుకని ఏడుపు. గోడ మీద ముసలాయన ఫొటోకు దండ పడితే, ఆయన కాశీకి పోయాడు కనుక భక్తికొద్దీ వేశారు; ఆయన చచ్చాడని తెలిసిన అక్క కూడా ఊఁ కొట్టింది. కరెంటు పోతే ఢిల్లీ కథ ఆగేది కానీ ఖాలా కథ ఆగేది కాదు. ఆ బిడ్డకు నలుగు ఎట్లా పెట్టారు, పేరు ఎవరు పెట్టారు, ఎవరి పోలిక, అన్నీ విసనకర్రల గాలిలో సాగేవి. ఖాలా పుట్టింటికి వెళ్లిన వారం ఆ బరువు నా మీద పడింది. నేను బిడ్డకు జలుబు చేయించాను. అక్క ఆ పూట అన్నం తినలేదు. మర్నాడే తగ్గించేశాను.

వానలు పడ్డాయి. అక్కకు తొమ్మిదో నెల వచ్చింది. ఇల్లంతా ఎవరో తలుపు తడతారేమో అన్నట్టు ఉండేది. కూర్చున్నవాళ్లం ఊరికే లేచేవాళ్లం. ఆ రోజుల్లో మండలాఫీసుకు కొత్తగా బదిలీ మీద వచ్చినాయన భార్య పలకరింపుకు వచ్చింది. ఆదిలాబాదు ఆడపడుచు, మరాఠీ, హిందీ మంచినీళ్లలా తాగిన మనిషి. సీరియల్ వేళకే వచ్చింది. ప్రమాదం పసిగట్టిన అవ్వ ఆమె ముందు సకినాల పళ్లెం పెట్టింది. నోరు ఊరికే ఉండకూడదని. కానీ ఖాలా అలవాటు కొద్దీ బిడ్డ ముచ్చట ఎత్తేసరికి ఆమె సకినం చేతిలోనే ఆగిపోయింది.

"అగ్గబాయీ! గా పిల్లకు బిడ్డ యాడిది? మెట్ల మీదికెల్లి పడ్డనాడే కడుపు వాయె గద!"

ఖాలా చేతిలో అడకత్తెర తెరుచుకునే ఉండిపోయింది. అవ్వ గోడ పట్టుకుంది. అక్క కడుపు మీద రెండు చేతులూ వేసుకుని, టీవీ మీదినుంచి చూపు తిప్పకుండా అంది:

"గట్ల గాదక్కా. నువ్వా దినం సరిగ చూడలేనట్టున్నవు. బిడ్డ బతికింది. అమ్మమ్మ దగ్గరున్నది."

వచ్చినావిడ అక్కను చూసింది, మంచం కింద ఇటుకలను చూసింది, మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఆమె తెలివితక్కువది కాదు. "ఔ ఔ, నేను వేరే సీరియల్ అనుకున్న" అని సకినం కొరికింది. అది గట్టిది. చాలాసేపు నమిలింది.

"ఖాలా" అంది అక్క, అటే చూస్తూ. "గా బిడ్డ బోర్ల పడ్డదా?"

ఖాలా కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పడ్డది బేటీ. నిన్ననే పడ్డది."

"బోర్ల పడితే పోలెలు చెయ్యాలె గద అవ్వా. వాళ్లు చేసిండ్రో లేదో."

అవ్వ లేచి శనగపప్పు నానబోసింది. ఆ మర్నాడు మా ఇంట్లో పోలెలు, అదే బొబ్బట్లు, చేశారు. ఎక్కడా లేని బిడ్డ బోర్లాపడినందుకు బాపు, బావ, ఖాలా, చాచా, నేను, మండలాఫీసు ఆవిడ ఇంటిల్లిపాదీ, నెయ్యి వేసుకుని తిన్నాం. అక్క రెండు తింది. ఇంకొకటి అడిగింది.

వారం తిరక్కుండా ఆమెకు నొప్పులొచ్చాయి. మంచిర్యాల దారిలో వాగు పొంగుతోందని బస్సులాగిపోతే, బాపు ఒక లారీని ఆపి దాంట్లో తీసుకెళ్లాడు. ఆడపిల్ల. గట్టిగానే ఏడ్చింది. ఖాలా మాత్రం ఆ ఏడుపుకు అర్థం చెప్పలేదు.

మా మేనకోడలికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఖాలా లేదు, బాపు లేడు, ఆ సీరియల్ పేరు మాలో ఎవరికీ గుర్తులేదు. ఏటా మేనకోడలి పుట్టినరోజున ఫోను చేస్తే, అక్క తన కూతురి వయసు సరిగ్గా చెప్పి, "గా పిల్లకు నాలుగు నెలల కిందనే నిండినయి" అంటుంది. ఏ పిల్ల అని నేను అడగను. ఆ మాట అన్నాక అక్క కాసేపు ఊరుకుంటుంది, ఆ ఊరుకోవడంలో అంతకుముందు నిలవని ఆ ఇద్దరి వయసులు కూడా లెక్కకు వస్తున్నాయని నాకు తెలుసు. కాలం పుట్టినవాళ్లనే పెంచుతుందని అనుకుంటాం గానీ, మా ఇంట్లో అది పుట్టనివాళ్లకు కూడా ఏటా ఒక ఏడు కలుపుతూనే వస్తోంది.