మలుపు దగ్గర పడని వ్యాగను

మొన్న మా బాబాయి పోయాడని కబురొచ్చింది. నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయాడట. బతికినన్నాళ్ళూ మాత్రం తెల్లారకముందే పనికి రమ్మని అరిచి వీధంతా నిద్రలేపినవాడే.

స్టేషను నుంచి పత్తి మిల్లు గోదాముల దాకా చిన్న రైలు లైనొకటి ఉండేది. దానిమీద పత్తి బేళ్ళూ మిరప బస్తాలూ ఎక్కించే ముఠాకు ఆయన మేస్త్రీ. మా నాన్నా ఆ ముఠాలోనే మోసేవాడు. మా ఇంట పొయ్యి వెలిగిందంటే ఆ లైను చలవే. కానీ మలుపు దగ్గర పట్టాల కింద దిమ్మలు పుచ్చిపోయి, బరువెక్కువైతే వ్యాగను పక్కకు దిగి కూర్చునేది. బాబాయి దానికి జాకీ పెడుతూ, "లేమ్మా, ఎండెక్కుతోంది" అని బతిమాలేవాడు.

ఇంతలో రైల్వేవాళ్ళు ఇకమీదట పెద్ద వ్యాగన్లే వస్తాయన్నారు. పట్టాలు గట్టిచేయడానికి డబ్బు మంజూరైతే సరే, లేకపోతే లైను ఎత్తేస్తామన్నారు. ఎత్తేస్తే సరుకు లారీల్లో పోతుంది, ముఠా రోడ్డున పడుతుంది. పట్టాలు చూసి పైకి రిపోర్టు రాయడానికి ఒక ఇంజనీరుగారు వచ్చారు.

"ఎలా పడుద్దో మీరే చూడండి బాబూ" అని బాబాయి వ్యాగను నిండా బేళ్ళు ఎక్కించాడు. ఆ రోజు అది బుద్ధిగా మలుపు దాటింది. ముఠానంతా బేళ్ళమీద కూర్చోబెట్టి మళ్ళీ నడిపించాడు. మళ్ళీ దాటింది.

"బాగానే ఉందిగా. ఇక డబ్బెందుకయ్యా?" అన్నారు ఇంజనీరుగారు.

బాబాయి వ్యాగను దగ్గరికెళ్ళి, "నిన్నటిదాకా పడి చచ్చావు గదే, ఇవాళేం మాయరోగం నీకు?" అని తిట్టాడు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

భోజనం వేళ దాటుతోందని ఇంజనీరుగారు పట్టాల మీద మనుషులు తోసే తన ట్రాలీ ఎక్కారు. తోసేవాళ్ళకూ ఆకలే, పరుగెత్తారు. మలుపు దగ్గర ట్రాలీ పట్టా తప్పింది. ఆయన ఎగిరి పక్కన ఎండబోసిన మిరపకాయల్లో కూర్చున్నారు.

అందరికంటే ముందు చేరింది బాబాయే. ఆయన్ని లేవదీసి, పంట్లాం దులుపుతూ, ఎంతో వినయంగా, "ఇక్కడేనండి. ఎప్పుడూ ఇక్కడేనండి" అన్నాడు.

"రాస్తానయ్యా, ముందు నీళ్ళియ్యి" అన్నారాయన తుమ్ముల మధ్య.

రాశారు. డబ్బూ వచ్చింది. ఆ మిరపకాయలు బాబాయే కావాలని అక్కడ పోయించాడని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. పోయిస్తే పోయించాడు. పడ్డవాళ్ళకు మెత్తగా ఉంటుందని అయ్యుంటుంది. ఆయన రుణం మా ఇల్లు తీర్చుకోలేదు.

కొత్త పట్టాల మీద మొదటి పెద్ద వ్యాగను వచ్చిన రోజు, బాబాయి దాని ఒంటిమీద చెయ్యేసి పక్కనే నడిచాడు. అది మెల్లగా మలుపు దాటి గోదాము ముందు ఆగింది. ముఠాలో ఎవరూ కదల్లేదు.

"నిలబడ్డారేంట్రా? పనుంది, రండి" అన్నాడు బాబాయి. నాన్నా మిగతావాళ్ళూ తలగుడ్డలు చుట్టుకుని బేళ్ళ వైపు నడిచారు. బాబాయి మాత్రం ఎండకు కాలుతున్న ఆ ఇనుము మీది నుంచి చెయ్యి తియ్యలేదు.