పన్నెండు మంచాల కొలత

నేను ఆ హోమ్‌లో చేరేనాటికి అక్కడ పంతొమ్మిది మంది ముసలివాళ్ళు ఉన్నారు. తొంభైల మొదట్లో మాట. ఆత్మకూరు ఊరు దాటి ఉదయగిరి వైపు కొంత దూరం పోతే రోడ్డు పక్కన ఒక పాత రాతి కట్టడం. ఒకప్పుడు అది ఆడపిల్లల బోర్డింగు. పిల్లలు తగ్గిపోయి బోర్డింగు మూసేశాక, చర్చి పెద్దలు కొందరు కమిటీగా చేరి దాన్ని దిక్కులేని ముసలివాళ్ళకు ఇచ్చారు. నేను నర్సుని. చాలా ఏళ్ళు ఆస్పత్రుల్లో చేసి, భర్త పోయాక, ఉండటానికి ఒక గది, చేయడానికి ఒక పని ఉంటే చాలనుకుని అక్కడికి వచ్చాను. అందరూ నన్ను సిస్టరమ్మా అని పిలిచేవాళ్ళు.

కట్టడం గట్టిదే. గోడలు మూరెడు మందం, పైన బండలు పరిచిన కప్పు. కానీ అది పరుగులు తీసే పిల్లల కోసం కట్టింది. గడపలు ఎత్తు. కిటికీలు ఇంకా ఎత్తు, ఆడపిల్లలు రోడ్డు వైపు చూడకూడదని పెట్టినవి. మరుగుదొడ్లు పెరట్లో ఎక్కడో ఉండేవి. అక్కడికి పోవాలంటే ఐదు మెట్లు దిగాలి, పట్టుకోవడానికి ఏమీ లేదు. రోజూ నలుగురైదుగురిని చెయ్యి పట్టుకుని దించి, మళ్ళీ ఎక్కించేదాన్ని. ఒక వాలు దారి కట్టించండి, గోడకు ఒక ఇనుప కడ్డీ పెట్టించండి అని కమిటీ సెక్రటరీ గారిని అడిగాను. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు, మంచి మనిషి. "చేద్దామమ్మా" అన్నారు. ఏడాది తర్వాత అడిగితే మళ్ళీ "చేద్దామమ్మా" అన్నారు.

ఆ రెండో ఏడు వానాకాలంలో ఒక పాత బడిపంతులు ఆ మెట్ల మీద జారిపడ్డాడు. నేను వంటింట్లో గంజి వారుస్తున్నాను. తుంటి ఎముక విరిగింది. నెల్లూరు తీసుకుపోయాం, తెచ్చుకున్నాం. నలభై రోజులు మంచంలోనే ఉండి చనిపోయాడు. ఆయన ఒక్కమాట కూడా నన్ను అనలేదు. ఆయన మంచం ఎత్తి గోడకు నిలబెట్టి, నేల కడుగుతుంటే నాకు ఏడుపు కూడా రాలేదు, అంత అలిసిపోయి ఉన్నాను. ఆయన స్థానంలోకి వారం తిరక్కుండానే ఇంకొకరు వచ్చారు. మళ్ళీ పంతొమ్మిది.

అందుకే మద్రాసులో ఆఫీసు ఉన్న ఒక సహాయ సంస్థ నుంచి ఉత్తరం వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే. తిండికీ మందులకూ ఏటా సాయం చేస్తామన్నారు, మరమ్మతులు కూడా చేయిస్తామన్నారు. అయితే ఇప్పటికే నడుస్తున్న హోముల కట్టడాలు ఎలా ఉండాలో చెప్పే నిబంధనలు కొన్ని ఉన్నాయి, వాటికి సరిపోవాలి, ఏటా తనిఖీకి వస్తాం అని ఒక కాగితం జతచేశారు. గడపలు తీసేయాలి. తలుపు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు ఉండాలి. మరుగుదొడ్డి గదికి ఆనుకుని ఉండాలి, లోపల పట్టుకునే కడ్డీ ఉండాలి. పడుకున్న మనిషికి బయట కనపడేంత కిందికి కిటికీ ఉండాలి. ఆ కాగితం నేను రెండు మూడుసార్లు చదివాను. నేను అడిగి అడిగి విసిగిపోయినవన్నీ అందులో ఉన్నాయి. ముసలివాళ్ళ గురించి తెలిసినవాళ్ళెవరో రాశారు అనుకున్నాను.

చివరి పేరాలో మంచాల సంగతి ఉంది. మంచానికీ మంచానికీ నడుమ మూడడుగుల జాగా వదలాలి. గోడ నుంచి ఇంత, తలుపు నుంచి ఇంత.

సెక్రటరీ గారు ఒక ఓవర్సీరును తీసుకొచ్చారు. ఆయన టేపు పట్టుకుని రెండు హాళ్ళూ కొలిచి, మంచాలన్నీ బయట పెట్టించి, ఎక్కడ ఏ మంచం రావాలో నేల మీద సుద్దముక్కతో గీశాడు. ముసలివాళ్ళంతా వరండాలో కూర్చుని చూస్తున్నారు. కలువాయి నుంచి వచ్చిన ఒక అవ్వ లోపలికి తొంగి చూసి, "ఏంది సిస్టరమ్మా, సమాధులకు గీసినట్టు గీసినారే" అంది.

గీతలు పన్నెండే వచ్చాయి. మళ్ళీ కొలవమన్నాను, కొలిచాడు. పన్నెండే.

"మిగతా ఏడుగుర్ని ఏం చేద్దాం సార్?" అని సెక్రటరీ గారిని అడిగాను.

ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "పంపించేదానికి వాళ్ళకు ఇళ్ళు ఉంటే ఈడికి ఎందుకు వస్తారమ్మా? పన్నెండు మందినే రిజిస్టర్లో రాద్దాం. మిగతావాళ్ళు వరండాలో, సామాన్ల గదిలో పడుకుంటారు. తనిఖీకి వచ్చే దినం మాత్రం ఉదయగిరి చర్చి కాంపౌండుకు పంపిద్దాం. పొద్దున పోతారు, సాయంత్రం వస్తారు. దీంట్లో పాపం ఏముండాది?"

ఏముందో అప్పుడు నాకూ తెలియలేదు. సరేనన్నాను.

ఏడుగురిని ఎంచుకోవడం నా పని. వ్యాన్ ఎక్కగలిగినవాళ్ళు కావాలి కాబట్టి, కాళ్ళు బాగున్నవాళ్ళనే తీశాను. కలువాయి అవ్వ పేరు తీసేయాల్సి వచ్చింది. ఆమె పక్క మంచం వరికుంటపాడు అవ్వది. ఆమెకు రెండు కళ్ళూ లేవు. ఇద్దరూ మంచాలు కలిపి వేసుకునేవాళ్ళు. కళ్ళు లేని అవ్వ రాత్రి మధ్యలో లేచి చెయ్యి చాపితే కలువాయి అవ్వ చెయ్యి తగలాలి, లేకపోతే భయపడేది. ఇప్పుడు ఒకరు హాల్లో, ఒకరు వరండాలో. రెండు వారాలపాటు ఆ కళ్ళు లేని అవ్వ నన్ను చూసినప్పుడల్లా, అంటే నా అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా, ఒకే మాట అడిగింది. "నా పక్కన ఎవురూ లేరేమ్మా?"

మొదటి తనిఖీ బాగానే జరిగింది. వచ్చినావిడ మద్రాసు మనిషి. నా కంటే పెద్దది, సన్నగా, కాటన్ చీరలో. తెలుగు బాగానే మాట్లాడేది. ప్రతి మంచం దగ్గరా కూర్చుని పలకరించింది. "పన్నెండు మందేనా?" అని అడిగితే, అవునన్నాను. ఆ నెలలోనే పని మొదలైంది. గడపలు పగలగొట్టారు. గదులకు ఆనుకుని మరుగుదొడ్లు కట్టారు. గోడలకు కడ్డీలు వచ్చాయి. కిటికీలు కిందికి దిగాయి. ఆ తర్వాత నేనున్నన్నాళ్ళూ అక్కడ ఒక్కరు కూడా పడలేదు. అది చెప్పకపోతే తప్పు.

కానీ ఇంకొకటి కూడా మొదలైంది. రిజిస్టర్లో ఉన్నవాళ్ళలో ఎవరైనా పోతే, బయట ఉన్నవాళ్ళలో ముందు వచ్చినవారి పేరు ఎక్కించాలని సెక్రటరీ గారూ నేనూ అనుకున్నాం. న్యాయంగానే అనుకున్నాం. కొత్తవాళ్ళను చేర్చుకోవడం ఆపేశాం.

మొదట పోయింది వరికుంటపాడు అవ్వ. వరసలో ముందున్నది కలువాయి అవ్వ. సాయంత్రం దుప్పటి మార్చి, "అవ్వా, ఇంక లోపల పడుకో" అన్నాను. ఆమె వచ్చి మంచం చూసింది. మరుసటి రోజు పొద్దున పోయి చూస్తే, మంచం వేసింది వేసినట్టే ఉంది, ఆమె దాని పక్కన నేల మీద పడుకుని ఉంది. ఎన్ని రోజులు చెప్పినా అంతే. చలికాలం వచ్చాక నేనే గట్టిగా కేకలేస్తే పైన పడుకుంది.

రెండో ఏడు తనిఖీనాడు ఆరుగురు వ్యాన్ ఎక్కి ఉదయగిరికి పోయారు. మూడో ఏటికి ఐదుగురు మిగిలారు. వాళ్ళలో అనంతసాగరం తాత ఒకడు. సోమశిల డ్యాము నీళ్ళలో ఊరు మునిగిపోతే అనంతసాగరంలో చెల్లెలి ఇంట్లో ఉన్నాడు. చెల్లెలు పోయాక ఇక్కడికి వచ్చాడు. బతుకంతా గొర్రెలు కాసినవాడు, ఊరికే కూర్చోలేడు. మంచాన ఉన్నవాళ్ళకు నీళ్ళు పోయడం, గంజి తాపడం అన్నీ చేసేవాడు. నాకు అతను పెద్ద ఆసరా. ఆ ఏడు వ్యాన్ వచ్చి నిలబడితే అతను ఎక్కలేదు.

"నేను రాను. నేనేం దొంగతనం చేసినానా దాక్కునేదానికి?"

ఎండ మాడుతోంది. ఆవిడ ఇంకో గంటలో వస్తుంది. నాకు బతిమాలే ఓపిక లేదు. "నువ్వు పోకపోతే అందరి కూడూ పోతాది తాతా. అదేనా నీకు కావాల్సింది?" అన్నాను. అతను నా వైపు చూసి, తువ్వాలు తలకు చుట్టుకుని ఎక్కాడు.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు మధ్యాహ్నం తాత కనపడలేదు. అతని సంచి కూడా లేదు. ఆటో ఎక్కి ఆత్మకూరు బస్టాండుకు పోయాను. సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"యాడికి తాతా?"

"అనంతసాగరం."

"ఆడ ఎవురుండారు?"

"ఎవురూ లేరు."

పక్కన కూర్చున్నాను. బస్సు ఒకటి వచ్చి పోయింది. అతను ఎక్కలేదు. కాసేపటికి తనే మాట్లాడాడు.

"కిటికీ కాడ మంచం ఆయనకు జొరం వచ్చింది కదా మొన్న. నేనే గంజి తాపినా. మూడోనాడు కండ్లు తెరవలా. అప్పుడు నా మనసులో ఏమనుకున్నానో తెలుసునా సిస్టరమ్మా? ఈ మంచం బాగుండాదే, గాలి వస్తాది అనుకున్నా."

నేను అతని వైపు తిరిగాను.

"ఆయన బతికినాడు. లేచి కూసోని, నా చెయ్యి పట్టుకోని, నీ వల్లనే బతికినానయ్యా అన్నాడు. నాకు ఆయన మొగం చూడబుద్ధి కాలా. నా పేరు ఎక్కాలంటే ఎవురో ఒకరు పోవాల. ఆ లెక్క నాకు వద్దు."

"నేనూ అనుకున్నా తాతా," అన్నాను. నిజమే. ఆ మూడోనాడు కిటికీ దగ్గర మంచానికి తర్వాత ఎవరు అని నేనూ తలుచుకున్నాను. తాతకు మంచి చోటు దొరుకుతుంది అని కూడా అనుకున్నాను. ఇన్నేళ్ళలో నేను ఇంకెవరికీ చెప్పని మాట అది. తాత ఆశ్చర్యపోలేదు. సంచి తీసుకుని లేచాడు. ఇద్దరం ఆటోలో వెనక్కి వచ్చాం.

నాలుగో తనిఖీకి నేను వ్యాన్ పిలిపించలేదు. పొద్దునే సెక్రటరీ గారు వచ్చి వరండాలో ఐదుగురూ కూర్చుని ఉండటం చూసి, "ఇంకా పంపించలేదా?" అన్నారు. "పంపించను సార్," అన్నాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కుర్చీలో కూలబడి, "నేనూ అలిసిపోయినానమ్మా" అన్నారు.

మద్రాసు ఆవిడ వచ్చి, మామూలుగానే రిజిస్టర్ తెరిచి, "పన్నెండు మందేనా?" అంది.

"కాదమ్మా. పదిహేడు. మొదట్లో పంతొమ్మిది."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "మూడేళ్ళుగా నాతో అబద్ధం చెప్పారా?"

"చెప్పాను."

"మూడడుగులు ఎందుకు పెట్టామో తెలుసా మీకు? ఒక హోమ్‌లో వంటింటి నుంచి పొగ కమ్మితే, మంచాల మధ్య దారి లేక, లేచినవాళ్ళు కూడా బయటపడలేకపోయారు. వాళ్ళను నేను చూశాను."

"మీ కాగితం తప్పని నేను అనడం లేదమ్మా. వీళ్ళను ఎక్కడ పెట్టాలో దాంట్లో లేదు."

ఆవిడ లేచి వరండాలోకి పోయింది. ఐదుగురితోనూ మాట్లాడింది, ఒక్కొక్కరూ ఎక్కడ పడుకుంటున్నారో చూపించమంది. సామాన్ల గదిలో బియ్యం బస్తాల మధ్య తాత చాప చూసి, అక్కడే నిలబడిపోయింది. భోజనం చేయకుండానే వెళ్ళిపోయింది.

సాయం ఆపేస్తూ ఉత్తరం వచ్చింది. ఇంకో గది కట్టి, అందర్నీ కొలత ప్రకారం ఉంచితే మళ్ళీ ఇస్తామని కింద రాసి ఉంది. సెక్రటరీ గారు చుట్టుపక్కల చర్చీలన్నీ తిరిగారు. కోతల కాలంలో ఊళ్ళ నుంచి వడ్లు వచ్చాయి. ఆత్మకూరులో ఒక పెద్ద అంగడి ఆయన, మా మతం కాదు, సిమెంటు పంపించాడు. ఆ ఏడంతా రెండు పూటలా గంజే ఎక్కువ. అంత తిరిగీ ఎవరి దగ్గరా విసుక్కోని సెక్రటరీ గారిని చూసి, నేను ఆయన్ని తక్కువగా అంచనా వేశానని సిగ్గుపడ్డాను. గది లేవడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. ఈలోపల ఐదుగురిలో ఇద్దరు వరండాలోనే పోయారు. వాళ్ళ పేర్లు ఏ రిజిస్టర్లోనూ లేవు.

కొత్త గదిలో మంచాలు వేసిన రోజు తాతను లోపలికి తీసుకుపోయాను. మంచం మీద కూర్చుని అటూ ఇటూ చూసి, "పక్కాయన దూరంగా ఉండాడే. మాట్లాడాలంటే అరవాల" అన్నాడు.

"అరిచే మాట్లాడు తాతా," అన్నాను.

తాత పడుకున్నాడు. నేను పెరటి గుమ్మంలో కాసేపు కూర్చుందామని కూర్చున్నాను. వంటమనిషి రెండుసార్లు పిలిచింది. వినపడింది, కానీ లేవలేకపోయాను. చివరికి ఆమే టీ తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది.