పక్కింట్లో పెట్టిన ప్రయాణం

మా విమానం గురువారం. గురువారం దక్షిణానికి శూల, ఆ దిక్కుకు బయల్దేరగూడదు. శ్రీలంక దక్షిణానే ఉంది. టికెట్లు తీసింది నా స్నేహితురాళ్ళు. ఇద్దరూ హోసూరు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు, శూలలు చూడరు. పొద్దున చెరువుగట్టున నడిచి నడిచి ముగ్గురం స్నేహమైనాము. శ్రీలంక టీ తోటల కొండల్లో గైడు లేకుండా, ఫోన్లో మ్యాపు చూసుకుంటా కొన్నాళ్ళు నడవాలని అనుకున్నాము. బడి గడప తొక్కకుండా అమ్మ దగ్గరే అక్షరాలు దిద్దుకున్నదాన్ని. పాసుపోర్టు చేతికొచ్చిన రోజు స్వామికి ఎన్ని దండాలు పెట్టినానో!

శూల తప్పడానికి మా ఇంట్లో చేసేదే చేసినాను. బుధవారం మంచి గడియలో నా సంచి పక్కింటి అక్క ఇంట్లో పెట్టి ప్రస్థానం చేసినాను. సామాను వేరే ఇంటికి చేరితే ప్రయాణం మొదలైనట్టే. ఇంక వెనక్కి తేగూడదు.

"బెంగళూరు ఎయిర్‌పోర్టు మనకు ఉత్తరాన కదక్కా! మనం యాటికి పోతాండామో నీ శూలకే తెలియదు" అని మా ఇద్దరికంటే చిన్నామె పకపకా నవ్వింది.

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ కారులో వచ్చినారు, రెండో ఆమె నడుపుతా ఉంది. పక్కింటికి బీగం. పాసుపోర్టు ఆ సంచిలోనే ఉంది. ఫోను చేస్తే అక్క ఏడుస్తా ఎత్తింది. తెల్లారుజామున తమ్ముడు పోయినాడంట. అక్క ఆ తమ్ముని ఊరు గురుబరపల్లిలో ఉంది. బీగంచెవి ఆమె దగ్గరే.

"చావింటికా? ఈ దినమా?" అంది చిన్నామె. కారు నడిపే ఆమె గురుబరపల్లికని బండి కృష్ణగిరి వైపు తిప్పింది.

అక్క మమ్మల్ని చూసి వీధిలోకే వచ్చి, దూరంగా నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది.

"దిగొద్దమ్మా. బయల్దేరినదానివి, ఈడికి రాగూడదు." బీగంచెవి గోడమీద పెట్టి వెనక్కి జరిగింది. "సంచి దేవుని గది పక్కనే పెట్టినా తల్లీ. ఎవురూ తాకలేదు."

అంత దుఃఖంలోనూ నా సంచి సంగతి! నేను దిగి ఆమెను పట్టుకున్నాను. వద్దు వద్దంటానే నా భుజంమీద తల పెట్టేసింది.

తిరిగి కారెక్కినాక చిన్నామె మెల్లగా అడిగింది. "తలకు పోసుకుని రావా అక్కా?"

"యాడ పోసుకునేది? బయల్దేరినాక మా గడప మళ్ళీ తొక్కగూడదు. అక్క ఇంట్లో మైల."

"టైము కూడా లేదు" అంది కారు నడిపే ఆమె.

హోసూరులో అక్క ఇల్లు తెరిచి సంచి తెచ్చుకున్నాను. చిన్నామె తన సంచిని వెనక సీట్లో మా ఇద్దరి నడుమ పెట్టింది.

"కోపం కాదక్కా. ఇంట్లో చంటిబిడ్డను విడిచి వచ్చినా, అంతే" అని కిటికీ పక్కకు జరిగింది. నిన్న శూలను చూసి నవ్విన మనిషి.

పాసుపోర్టు నా ఒళ్ళో ఉంది. దక్కించినందుకు స్వామికి దండం పెట్టినాను. అక్కను పట్టుకోకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకోను. కానీ రేపు ఆ కొండలెక్కేటప్పుడు చిన్నామెకు చెయ్యి అందిస్తే పట్టుకుంటుందో లేదోనని, బెంగళూరు దాటేవరకూ నా చేతుల్ని కొంగు కిందే పెట్టుకుని కూర్చున్నాను.