బాపు అరికాలు

అమ్మ పోయిన తరువాత బాపు చిట్యాలలోని మా ఇంటికి వచ్చాడు. ఒక్కడే రాలేదు, మగ్గంతో వచ్చాడు. నిన్నగాక మొన్న వేయించిన బండలు పగలగొట్టించి, ముందు గదిలో కాళ్లు పెట్టుకునే గుంట తవ్వించి, అందులో కూర్చున్నాకే నా చేతి చాయ్ తాగాడు. చక్కెర లేని చాయ్. మొదటి గుక్కకే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

బాపుకు షుగర్ వచ్చి పన్నెండేళ్లు. ఆయన తిండి సంగతి అమ్మే చూసుకునేది. అది నా చేతికి వచ్చాక, బడిలో నలభై మంది పిల్లలను కూర్చోబెట్టడమే సులువనిపించింది. పొద్దున జొన్న రొట్టె, ఆకుకూర పప్పు. మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం. రాత్రికి మళ్లీ రొట్టె. రొట్టె కనబడితే చాలు, ఒకటే పాట.

"చిన్నప్పుడు జొన్న గటుక తాగి పెరిగిన. తెల్లబువ్వ పండుగకే. ఇప్పుడు ఇంట్ల బియ్యం బస్తా ఉన్నది, మల్ల గా జొన్నలేనా?"

"బియ్యం బస్తాను చూసుకుంట రొట్టె తిను బాపు," అనేదాన్ని.

తినేవాడు. రొట్టె మంచిదన్నారు కదా అని నాలుగు తినేవాడు. రెండింటి దగ్గర ఆపడానికి నాకు నెల పట్టింది. వేలికి సూది గుచ్చి షుగర్ చూసేటప్పుడు మాత్రం చిన్నపిల్లాడిలా కళ్లు గట్టిగా మూసుకునేవాడు. నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

అన్నిటిలో దారికి వచ్చాడు, కాళ్ల దగ్గర తప్ప. కాళ్లకు స్పర్శ తగ్గుతోంది, దెబ్బ తగిలినా ఆయనకు తెలియదు, రోజూ అరికాళ్లు చూడమని దవాఖానలో డాక్టరమ్మ నాకు గట్టిగా చెప్పింది. నేను కిందికి వంగితే చాలు, బాపు కాళ్లు వెనక్కి లాక్కునేవాడు.

"నీ పెండ్లిల నీ కాళ్లు కడిగి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్న. ఆడబిడ్డతోని కాళ్లు పట్టిచ్చుకుంటే నాకు పాపం. నేనే చూసుకుంట తియ్యి."

తన అరికాలు తాను తిప్పి చూసుకునే వయసా అది? నాకు ఒళ్లు మండేది. మా ఆయనను చూడమందామంటే, ఆ పెళ్లిలో అల్లుడి కాళ్లూ కడిగాడాయె బాపు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, మగ్గం మీది తువ్వాలను అలవాటుగా తడిమాను. ఒకచోట వేలికి గీతలా తగిలింది. రెండు పోగులు ఒకే సందులో పడ్డాయి. జానెడు దూరంలో మళ్లీ అలాగే.

కొనేవాళ్లకు అది కంటికి ఆనదు. నేను మాత్రం వంగి గుంటలోకి చూశాను. గుంటలోని రెండు చెక్కలను ఒకదాని తరువాత ఒకటి కాలితో తొక్కితేనే పోగులు విడివిడిగా పడతాయి. బాపు తొక్కాననుకున్నాడు, చెక్క కిందికి పోలేదు. కాలి కింద ఏముందో ఆయనకు తెలియడం లేదు.

"బాపు, గీడ రెండు పోగులు పడ్డయి."

"నా బట్టలనా?" అన్నాడు కోపంగా. అద్దాలు సర్దుకుని వేలితో తడిమాడు. రెండో చోటా తడిమాడు. అద్దాలు తీసి పక్కన పెట్టాడు.

ఆయన వాదించకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు నోరు లేస్తుంది.

"నా కాళ్లు కడిగి నెత్తిన చల్లుకున్నవు. అంటే నన్ను దేవత అనుకున్నవు గదా. గా దేవతనే చెప్తాంది, కాలు చాపు."

"దేవతకు గింత నోరుంటదా బిడ్డ," అని, బాపు గుంటలోంచి కాళ్లు పైకి తీసి కుడికాలు నా వైపు చాపాడు.

బొటనవేలి కింద చిటికెన వేలి గోరంత పుండు. చెక్కకు రాసుకుని రాసుకుని లోతుకు పోయింది. ఆయనకు నొప్పే లేదు. మరునాడు డాక్టరమ్మ చూసి, ఇంకో పది రోజులు ఆగితే వేలు తీసేయాల్సి వచ్చేదంది. వేలు పోతే మగ్గం పోయినట్టే. ఆటోలో ఇంటికి వచ్చేదాకా బాపు కట్టు కట్టిన ఆ కాలినే చూసుకుంటూ కూర్చున్నాడు.

రెండు నెలలు ఆయనను గుంటలోకి దిగనివ్వలేదు. ఆ రెండు నెలలూ అన్నం కోసం సతాయించలేదు, మూడో రొట్టె అడగలేదు. పుండు మానింది. ఇప్పుడు నూలు మేజోళ్లు వేసుకుని తొక్కుతున్నాడు.

రోజూ సాయంత్రం ఆయన ముందు పీట వేసుకుని కూర్చుంటాను. ముందు బాపు చేయి చాచి నా పాదాలు తాకి కళ్లకద్దుకుంటాడు. మొదట్లో వద్దని కాళ్లు లాక్కునేదాన్ని, అచ్చం ఆయనలాగే. ఇప్పుడు లాక్కోను. ఆ తరువాతే తన కాలు నా ఒళ్లో పెడతాడు. మడమ, అరికాలు, వేళ్ల సందులు వెలుతురుకు తిప్పి చూస్తాను.

"ఏం లేదు బాపు."

"బట్ట గూడ చూడు," అంటాడు, పదేళ్ల వయసు నుంచి నేస్తూ తన నేతకు ఎవ్వరినీ వంక పెట్టనివ్వని మనిషి. "తప్పుంటే చెప్పు బిడ్డ, దాపెట్టకు."