సందుకు వేసిన తాళం

నా చిన్నప్పుడు మా భయానికి ఒక రూపం ఉండేది. ఒంటినిండా నూనె రాసుకుని, పట్టుకుంటే జారిపోయే దొంగలు. వాళ్లను మాలో ఎవరూ చూడలేదు కానీ, చూసినవాళ్లను ఎరిగినవాళ్లు మాత్రం దేశ రాజధానిలోని మా సరోజినీ నగర్‌లో ప్రతి ఇంట్లోనూ ఉండేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆ ఎండాకాలం, మా వెనక వరస క్వార్టర్లలో పట్టపగలు ఒక ఇల్లు దోచుకుపోయారు. నేనప్పుడు మూడో తరగతి. బాత్రూముకు వెళ్లాలన్నా అమ్మమ్మను తలుపు బయట నిలబెట్టి, ఆవిడ గాజుల చప్పుడు వింటూ వెళ్లేదాన్ని.

మా నాన్న కేంద్ర ప్రభుత్వంలో గుమస్తా. మా సందులో అందరూ అలాంటివాళ్లే. పొద్దున ఆఫీసువాళ్లంతా కలిసి మాట్లాడుకున్న చార్టర్డ్ బస్సెక్కి వెళ్లి సాయంత్రం దాకా సర్కారును నడిపి, ఇంటికొచ్చి టీ తాగుతూ అదే సర్కారును తిట్టుకునేవారు. కుళాయి కారితే, క్వార్టర్ల మరమ్మతులు చూసే ఎంక్వైరీ ఆఫీసులో రాయించి రావాలి. వాళ్లొచ్చే లోపు కుళాయే విసుగుపుట్టి ఆగిపోతుందని నాన్న నవ్వేవారు. దొంగతనం జరిగినప్పుడు పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, మంచినీళ్లు తాగి వెళ్లారు. మా భయం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

దాంతో ఆదివారం పూట పార్కులో సందులోవాళ్లంతా కూడి, మన సంగతి మనమే చూసుకుందాం అనుకున్నారు. సందు మొగలో ఇనుప గేటు, దానికి కాపలాగా ఒక చౌకీదార్. సందుకు అవతలి కొస ఎలాగూ గోడే కాబట్టి ఒక్క గేటు చాలు. పొద్దున, సాయంత్రం స్కూటర్ల వేళకు పెద్ద గేటు తీస్తారు. మిగతా అప్పుడు మనుషులు గేటులోనే ఉన్న చిన్న తలుపులోంచి రావాలి. పెద్ద తాళంచెవి కొత్తగా వేసుకున్న కమిటీ సెక్రటరీ అంకుల్ దగ్గర ఉంటుంది. మా నాన్నే ముందుండి ఇదంతా నడిపించారు. ఫైలు మీద సంతకం కోసం నెలలు చూసే మనిషి, వారం తిరక్కుండా గేటు నిలబెట్టించి, కొత్త అల్లుడిలా వెలిగిపోయారు.

ఆ మీటింగులో ఒక్కరే అడ్డుపుల్ల వేశారు. మా పక్కింటి అక్క. కరీంనగర్ నుంచి వాళ్లన్న దగ్గరికి వచ్చి, సివిల్ సర్వీసు కోచింగుకి కరోల్ బాగ్ వెళ్లొస్తుండేది. సాయంత్రాలు డాబా మీద తిరుగుతూ, సర్కారు ఏం చేయాలి, జనం ఏం చేసుకోవాలి అని పైకి చదివేది. ఒకరోజు అన్నీ సర్కారే చేయాలనేది, మర్నాడు ఏదీ చేయకూడదనేది. ఏది నిజమక్కా అని అడిగితే, పరీక్షలో రెండుదిక్కులా రాయాలె చిన్నీ అని నవ్వేది.

"అంకుల్, ఫైరింజన్ అస్తే ఎట్ల? తాళంచెవి ఎవలకాడ ఉంటది?" అని అడిగింది అక్క.

"ఫైరింజనా? అది వచ్చేసరికి బూడిద కూడా చల్లారిపోద్దమ్మా!" అన్నారు నాన్న. పార్కంతా ఘొల్లుమంది. సర్కారు జీతం తినేవాళ్లంతా సర్కారు మీద అంతలా నవ్వడం చూసి నేనూ నవ్వాను. గేటు పెట్టిన రోజు బాత్రూముకు ఒక్కదాన్నే వెళ్లాను.

కొన్ని వారాలకు, ఒక మధ్యాహ్నం. అమ్మ బజారుకు వెళ్లింది. రెండో అంతస్తులో నేనూ, అమ్మమ్మా. పోయిన కరెంటు ఒక్కసారిగా వచ్చింది, వస్తూనే కింద ఏదో పేలింది. మెట్ల కింద మీటర్ల పెట్టె అంటుకుంది. దాని పక్కనే స్కూటర్లు. తలుపు తీసేసరికి మెట్లు లేవు, నల్లటి పొగే ఉంది. అమ్మమ్మకు అసలే ఆయాసం.

ఆ పొగలోంచే పక్కింటి అక్క ముక్కుకు చున్నీ కట్టుకుని లోపలికి దూరింది. తలుపు మూసి, తడి దుప్పటి సందుల్లో కుక్కి, మమ్మల్నిద్దర్నీ బాల్కనీలోకి లాగింది. అక్కడ అమ్మమ్మ నేలమీద కూలబడి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు చూసే నాకు భయం పూర్తిగా అర్థమైంది. పెద్దవాళ్లకు భయం వేయదని అప్పటిదాకా అనుకునేదాన్ని.

కింద సందంతా ఒక్కటైంది. ఇటుకల పని కోసం పోసిన ఇసుకను ఆంటీలు పళ్లాలతో, బకెట్లతో ఎత్తి మంటమీద పోస్తున్నారు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు స్కూటర్లను బయటికి ఈడుస్తున్నారు. ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు. అయినా మంట మొదటి అంతస్తు కిటికీ అందుకుంది. అప్పుడు గంట మోగింది. బూడిద చల్లారాక వస్తుందన్న ఫైరింజన్ నిజంగా వచ్చేసింది. వచ్చి, గేటు అవతల నిలబడిపోయింది.

తాళంచెవి సెక్రటరీ అంకుల్ గుత్తిలో ఉంది. గుత్తి ఆయనతో పాటు ఆఫీసుకు వెళ్లింది. బాధ్యత గల మనిషి, తాళంచెవి ఇంట్లో వదిలే రకం కాదు. చౌకీదార్ పెద్ద తాళాన్ని రాయితో కొడుతున్నాడు. దొంగలకు లొంగకూడదని ఏరికోరి తెచ్చిన తాళం, అది ఎవరికీ లొంగలేదు. చిన్న తలుపులోంచి పైపు లాక్కొస్తే మా మెట్లదాకా అందలేదు.

"ఎందుకాగిపోయిందే ఆ బండి? ఎందుకాగిందే అమ్మడూ?" అమ్మమ్మ దగ్గు మధ్య అదే మాట అడుగుతోంది. నాకు తెలుసు. అక్క తడి చున్నీతో అమ్మమ్మ మొహం తుడుస్తూ గేటు వైపే చూస్తోంది.

చివరికి ఫైరింజన్ వాళ్లు గేటుకు గొలుసు కట్టి, బండిని వెనక్కి నడిపి, స్తంభంతో సహా పెరికేశారు. తర్వాత అంతా కాసేపట్లోనే అయిపోయింది. ఒక ఫైర్‌మ్యాన్ అమ్మమ్మను భుజాన వేసుకుని దించాడు. ఆలస్యంగా వచ్చారంటూ కింద ఎవరో అతనిమీద అరిచారు. అతను చిరాకు కూడా పడలేదు. "హమ్ తో కబ్‌సే ఖడే థే, ఆప్ లోగోఁ నే ఆనే నహీఁ దియా" అన్నాడు. మేమెప్పుడో వచ్చాం, మీరే రానివ్వలేదు. ఆఫీసుకు ఫోన్ వెళ్లి, అప్పుడే బస్సు దిగి పరుగెత్తుకొచ్చిన నాన్న ఆ మాట విన్నారు. పడిపోయిన గేటు పక్కన రోడ్డుమీదే కూర్చుండిపోయారు.

అమ్మమ్మ సర్కారు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. ఆ తర్వాత మెట్లెక్కితే మాత్రం ప్రతి మలుపులోనూ ఆగేది. మళ్లీ పార్కులో మీటింగు పెట్టారు. గేటే వద్దని కొందరు, దొంగలొస్తే మీరు చూస్తారా అని కొందరు. ఈసారి నాన్నే అక్కను పిలిచి అడిగారు.

"చౌకీదార్‌ను పెట్టుకోండి అంకుల్, మంచిదే. ఆనాడు ఇసుక పోసింది గూడ మనమే గదా. గని దారికి తాళమేసుడు మన పని గాదు. దారి మనొక్కలది గాదు, మనకోసం అచ్చెటోళ్లది గూడ."

గేటు మళ్లీ పెట్టారు, తాళం లేకుండా. చౌకీదార్ స్టూలు వేసుకుని దాని పక్కన కూర్చునేవాడు. అక్కకు ఆ ఏడు ర్యాంకు రాలేదు. ఆ మరుసటి ఏడూ రాలేదు. తర్వాత వాళ్లన్నకు బదిలీ అయి వెళ్లిపోయారు. నేను చదివిన చదువు మొత్తంలో పార్కులో అక్క అన్న ఆ రెండు మాటలంత నిలిచింది మరొకటి లేదు.

ఇప్పుడు నేను గ్రేటర్ నోయిడాలో పెద్ద సొసైటీలో ఉంటున్నాను. మొన్న మీటింగులో, భద్రత కోసం వెనక గేటుకు తాళం వేద్దామా అని అడిగారు. అందరి చేతులూ లేచాయి. నాకూ పిల్లలున్నారు, నాకూ భయమే. చెయ్యి సగం లేచింది. మణికట్టు మీద ఆనాటి అమ్మమ్మ పట్టు బిగిసింది. చెయ్యి దించుకుని లేచి నిలబడి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగాను. అందరూ నవ్వారు. వాళ్ల నవ్వు ఆగేదాకా నిలబడి, మళ్లీ అడిగాను.