పచ్చికాయల ఇంటి లమ్యోంగ్

మా తోటకీ లమ్యోంగ్ తోటకీ మధ్య ఒక కాలువ, దాని మీద ఒక కొబ్బరి దుంగ. చంతబురి మొత్తంలో ఆ దుంగను నాకన్నా ఎక్కువసార్లు దాటినవాళ్ళు లేరు. ఆమెకు నలభై రెండు దురియన్ చెట్లు, పనసలా తొనలుండే ముళ్ళకాయలు కాసేవి. ఏ కొమ్మకు ఎన్ని కాయలున్నాయో ఆమెనే అడగక్కర్లేదు, నన్నడిగినా చెబుతాను.

లమ్యోంగ్ తండ్రి ఒక ఏడు తొందరపడి ముదరని కాయలు దింపి అమ్మాడు. కొన్నవాళ్ళు పగలగొట్టి చూస్తే లోపల తొన తెల్లగా, రబ్బరులా ఉందట. అప్పటి నుంచి అది 'పచ్చికాయల ఇల్లు' అయిపోయింది. ఆయన పోయాక తోట కూతురి చేతికొచ్చింది. ఇరవై ఏళ్ళలో ఒక్క పచ్చికాయ ఆ గేటు దాటలేదు. ఆ పేరు జనం నోట ఇప్పుడిప్పుడే అరుగుతోంది.

ఆమె పని చూస్తేనే నాకు నడుం నొప్పి. పూత విచ్చే రోజుల్లో పొద్దుగూకగానే నిచ్చెనెక్కి, కుంచెతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతుంది. చుట్టూ సమంగా అంటితేనే లోపల తొనల గదులన్నీ నిండి కాయ బొద్దుగా వస్తుంది, లేదంటే ఒక పక్క నొక్కుకుపోతుంది. పిందెలు నిమ్మకాయంత కాగానే కత్తెర తీస్తుంది. గుత్తికి ఒకటో రెండో ఉంచి, వంకరవీ కొమ్మ చివరవీ తుంచేస్తుంది.

"ఇన్ని పిందెలు నేలపాలు చేస్తావేంటే, నీ కత్తెర విరగ!" అన్నానొకసారి.

"ఒక్క గ్లాసు పాలు పదిమందికి పోస్తే పదిమందీ ఈనుపుల్లలే పెద్దమ్మా."

ఉంచిన ప్రతి కాయనూ తాడుతో పైకొమ్మకు కడుతుంది. మొదటి పూత కాయకు ఎర్ర తాడు, ఇరవై రోజుల తర్వాతి పూతకు తెల్ల తాడు. తాడు రంగే కాయ వయసు.

ఈ ఏడు కోతకు వారం ముందు గాలివాన కొట్టింది. కాలువ పక్క చెట్టుకు తాళ్ళు చాలా తెగాయి. లమ్యోంగ్ అవతల కొమ్మలకు ఊతకర్రలు పెడుతూ ఉంది. సాయం చేద్దామని నేనే నిచ్చెన వేసుకుని చేతికందిన తాడు చేతికందిన కాయకు కట్టేశాను. ఎరుపు కంటికి బాగుంది కాబట్టి ఎరుపే ఎక్కువ కట్టాను.

కోత రోజు వ్యాపారి కమోల్ లారీతో వచ్చాడు. మిగతా చెట్ల ఎర్ర తాళ్ళ కాయలు ఎక్కించి, చివరికి ఆ చెట్టు కిందికి వచ్చారు. లమ్యోంగ్ ఒక కాయను కర్రతో తట్టి, శబ్దం తేడాగా రావడంతో ఆగిపోయింది. పైకి చూసింది.

"ఈ ముడి నాది కాదే. ఎవరు కట్టారు పెద్దమ్మా?"

"ఎవరు కడితే ఏం, కింద పడలేదుగా!" అన్నాను. ఆమె అలాగే చూస్తుంటే, "నేనేనే. రంగు సంగతి తట్టలేదు" అన్నాను.

"ఇరవై ఏళ్ళు పెద్దమ్మా" అంది. అంతే అంది.

కమోల్ చెయ్యి ఊపాడు. "రెండు మూడు పచ్చివి కలిస్తే కుప్పలో ఎవరు చూస్తారక్కా? లారీ నిండకపోతే వచ్చే కోతకి వేరే తోట చూసుకుంటా."

"మా నాన్నకీ ఇలాగే చెప్పారు తమ్ముడూ. సరే, బాగా ముదిరిందనిపించేది ఒకటి నువ్వే చూపించు."

అతను ఎర్ర తాడుకు వేలాడుతున్న పెద్ద, అందమైన కాయను చూపించాడు. కోసి పగలగొడితే లోపల తెలుపు.

"తినవోయ్, సిగ్గెందుకు?" అన్నాను.

"నువ్వు మాట్లాడకు పెద్దమ్మా" అంది లమ్యోంగ్.

మధ్యాహ్నమంతా ఆమె ఒక్కొక్క కాయా తట్టింది. లోపల బోలు శబ్దం రావాలి, తొడిమ గరుకుగా ఉండాలి, ముళ్ళ కొసలు ఎండి గోధుమరంగుకు తిరగాలి. ఆ చెట్టుకు మిగిలిన ముప్ఫై మూడింటిలో పందొమ్మిది దింపింది. అందులో ఒకటి కమోల్ ఎదుటే చీల్చింది. వెన్నలాంటి పసుపు. అతను ఒక తొన తిని, వేళ్ళు నాక్కుని, "తెల్ల తాళ్ళవి ఇంకెవరికీ మాటివ్వకు. ఇరవై రోజులకి వస్తా" అని లారీ ఎక్కాడు.

ఆ పచ్చికాయను నేను ఇంటికి తెచ్చి, పల్చగా తరిగి నూనెలో వేయించాను. బాగానే కరకరలాడింది. పళ్ళెంలో పెట్టుకుని దుంగ దాటేసరికి లమ్యోంగ్ మిగిలిన పధ్నాలుగు కాయలకూ తెల్ల తాళ్ళు కడుతోంది. నేనూ ఒక తాడు అందుకోబోయాను.

"నువ్వు నిచ్చెన పట్టుకో పెద్దమ్మా, చాలు" అంది.

పట్టుకున్నాను.